ఇష్టము వచ్చును, ప్రేమింపవలెను

ధ్యానభాగములు: లేవీయకాండము 19:17-18, యోహాను సువార్త 21:1-17



ఈ మాసము మనము ధ్యానింపబోవు విషయము చాల చిన్నదిగా కనబడును. అది మన యిండ్లలో దినదినము పలుకు కొన్ని మాటలను గూర్చినది. ఒకరియెడల మనకు గల ఇష్టమును తెలుపుటకు తెలుగునందు ఎన్ని మాటలున్నవో ఎన్నడైనను లెక్కించితిరా? చంటిబిడ్డను చూచి ముద్దు వచ్చుచున్నాడందుము. కడగొట్టు బిడ్డను గారాబము చేసితిమందుము. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు యెడల ఆపేక్ష అందుము. తల్లికి బిడ్డలయందు వాత్సల్యము, భార్యాభర్తలకు అనురాగము, గురువునందు అభిమానము, తాతలనాటి పొలముమీద మమకారము, మామిడిపండుమీద మక్కువ, పండుగనాటి క్రొత్తబట్టమీద మోజు. పూర్వులు కూరిమి, నెనరు, పేర్మి అను అచ్చ తెనుగు మాటలను కూడ వాడిరి. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చోటు కలదు. మామిడిపండుమీద వాత్సల్యము కలదన్నయెడల వినువారు నవ్వుదురు. తల్లిమీద మోజు అన్నయెడల పెద్దలు మందలింతురు.

ఇంగ్లీషునందు ఇన్ని చోట్ల చాలవరకు ఒక్క మాటయే చెల్లును. దేవునికి లవ్, భార్యకు లవ్, పెంపుడు కుక్కకు లవ్, పొద్దుటి కాఫీకి కూడ లవ్. ఆ మాట సినిమాలద్వారా మన పిల్లల నోటికి వచ్చి, మన 'ప్రేమ' అను మాటను కూడ తనవైపు లాగికొన్నది. నేడు పల్లెలో ప్రేమ అనగానే పెద్దలు గొంతు తగ్గించుకొందురు. ఏదో ఒక యింటి పరువు పోయినదని తలంతురు. పాస్టరు ప్రసంగవేదికమీద నిలిచి ప్రేమ అనినప్పుడు వెనుక వరుసలోని కుఱ్ఱవారు ఒకరినొకరు చూచుకొని నవ్వుకొందురు. అయితే దేవుడు మనకిచ్చిన రెండు గొప్ప ఆజ్ఞలు ఈ మాటమీదనే నిలిచియున్నవి. గనుక ఆ మాట ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పుటలేదు అని తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరము.

మన తీరమున వాక్యము తెలుగైన సంగతి

గోపాలపట్నమునకు, దాని చుట్టుపట్ల పల్లెలకు దగ్గరనున్న విశాఖపట్టణము తెలుగు బైబిలు చరిత్రలో మొదటి వరుసలోనిది. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజ్ అను ఇద్దరు సేవకులు అచ్చటికి వచ్చిరి. మన భాష వారికి రాదు. మొదటి అక్షరమునుండి నేర్చుకొని, సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యెను. 1809లో క్రాన్‌గారును, 1810లో డెస్ గ్రాంజ్‌గారును ప్రభువునందు నిద్రించిరి. వారి శ్రమఫలమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ పుస్తకమును చేతపట్టుకొని చూచు భాగ్యము వారిద్దరికిని కలుగలేదు. తరువాత అదే పట్టణమున సేవచేసిన ఎడ్వర్డు ప్రిచ్చెట్‌గారి క్రొత్త నిబంధన 1818లో మద్రాసునందు అచ్చుపడెను. వీరందరికి పూర్వము బెంజమిన్ షుల్జ్ అను జర్మను సేవకుడు 1732 నాటికే బైబిలును తెలుగు చేసెను గాని, ఆ వ్రాతప్రతి అచ్చునకు ఎక్కలేదు.

పరభాషవాడు మన యింటిలోనికి వచ్చి, ముద్దు వేరు, మోజు వేరు, అభిమానము వేరు, అనురాగము వేరు అని ఏర్పరచుకొనుటకు ఎంత ఓర్పు కావలెనో మీరే ఆలోచింపుడి. పొట్టి కొలతకుంచముతో కొలువవలసినదానిని పుట్టితో కొలిచినయెడల లెక్క తప్పును. మాటయు అట్టిదే. ఈ పనిలో అనేకులు ఒకరివెనుక ఒకరు చేయి వేసినందున నేడు మన చేతిలోని తెలుగు బైబిలునందు ఒక్కొక్క మాట తన చోట ఉన్నది. రోమా 12:10లో సహోదరుల మధ్య ఉండవలసినదానిని అనురాగము అనిరి. 1 థెస్సలొనీక 2:7లో పాలిచ్చు తల్లి తన బిడ్డలయెడల చేయుదానికి గారవించుట అను మాటను పెట్టిరి. కీర్తన 103:13లో తండ్రి హృదయమును తెలుపుటకు జాలి అను మాట చాలినది. అయితే ఆజ్ఞ వచ్చినచోట, పొరుగువానిని గూర్చియు శత్రువును గూర్చియు చెప్పినచోట, వాడిన మాట ప్రేమించుట. ఇష్టపడుట అని వ్రాయలేదు. ఈ భేదములో మనకు గొప్ప మేలు దాగియున్నది.

'నాకు' అను మాట, 'నేను' అను మాట

చదువురాని అవ్వకు కూడ తెలిసిన ఒక సంగతిని చెప్పెదను. మనము ఆకలిని గూర్చి ఏమందుము? నాకు ఆకలి అందుము. నాకు నిద్ర వచ్చుచున్నది, నాకు చలి, నాకు జ్వరము, నాకు కోపము వచ్చినది అందుము. ఇవన్నియు మనము పిలువకయే మనయొద్దకు వచ్చునవి. అట్లే, నాకు వంకాయ కూర ఇష్టము, నాకు ఫలానావాని తీరు నచ్చలేదు అందుము. ఇష్టము కూడ చలి జ్వరములవలె మనయొద్దకు వచ్చును, మనలను విడిచి పోవును. 'ఇష్టపడు' అనినప్పుడు కూడ భయపడు, సిగ్గుపడు అనునట్లు 'పడు' అను మాట తగిలియున్నది. మనకు తటస్థించినదానినే ఆ మాట తెలుపుచున్నది.

ఇప్పుడు మరియొక వరుస చూడుడి. నేను దున్నితిని. నేను నీళ్లు మోసితిని. నేను వండి పెట్టితిని. నేను క్షమించితిని. నేను ప్రేమించితిని. ఇచ్చట నేను అను మాట ముందున్నది. ఇవి మనము చేయునవి. మనకు ప్రేమ కలదు అనియు మాటలాడుదుము, నిజమే. అయితే ఆజ్ఞలోనున్నది ప్రేమింపుము అను క్రియ.

ఒక తండ్రి తన కుమారునితో, ఇప్పుడే జ్వరము తెచ్చుకొనుము అని ఆజ్ఞాపించునా? ఆకలిగొనుము అని చెప్పిన ఆకలి వచ్చునా? రాదు. పొలమునకు నీరు కట్టుము, అవ్వకు అన్నము పెట్టుము అని చెప్పవచ్చును. న్యాయవంతుడైన దేవుడు మన చేతిలో లేనిదానిని మనయొద్ద అడుగలేదు. నీ పొరుగువాడు నీకు నచ్చవలెను అని ఆయన ఎక్కడను ఆజ్ఞాపింపలేదు. నీ పొరుగువానిని ప్రేమింపుము అని ఆజ్ఞాపించెను.

ఇది తెలుగువారి పలుకుబడిలోని వింత మాత్రమే అని ఎవరైన అనవచ్చును. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలునందు కూడ లైక్ అను క్రియను మన 'నచ్చు' అను మాటవలెనే కొన్నిచోట్ల వాడిరి. ఎస్తేరు 8:8లోను, ఆమోసు 4:5లోను మనుష్యుడు దానిని ఇష్టపడెను అనక, అది మనుష్యునికి నచ్చెను అను తీరున వ్రాసిరి. తరువాతి ఇంగ్లీషువారు ఆ వాడుకను విడిచిపెట్టిరి.

ఇంకను దూరమునకు పోయి చూతము. యూరపు ఖండమున బాల్టిక్ సముద్రపు ఒడ్డున లిథువేనియా అను చిన్న దేశము కలదు. దాని భాష మిక్కిలి ప్రాచీనమైన పోలికలను నిలుపుకొన్నదనియు, సంస్కృతమునకు దూరపు చుట్టమనియు పండితులు చెప్పుదురు. మనవలె ఆ ప్రజలును తమ భాషలో దేవుని వాక్యముకొరకు కనిపెట్టిరి. 1547లో మార్టినాస్ మజ్వీదాస్ అను లూథరను బోధకుడు అచ్చువేయించిన ప్రశ్నోత్తరముల పుస్తకమే లిథువేనియా భాషలో మొదటి అచ్చు పుస్తకము. యోనాస్ బ్రెత్కూనాస్ అను మరియొక బోధకుడు 1579 మొదలు 1590 వరకు శ్రమపడి బైబిలు అంతటిని తన భాషలోనికి మార్చెను. మన షుల్జ్‌గారి ప్రతివలెనే అదియు ఆయన జీవితకాలమున అచ్చుకాలేదు. లిథువేనియా భాషలో సంపూర్ణ బైబిలు 1735లో కోనిగ్స్‌బర్గు పట్టణమున అచ్చయ్యెను.

ఆ దేశపు పల్లెవాడు తనకొకటి నచ్చినప్పుడు 'మాన్ పతింక' అనును. మాన్ అనగా నాకు. తినుబండారములను, తనకు సరదాయైన పనులను గూర్చి చెప్పునప్పుడు 'మేగ్‌స్తు' అను మరియొక మాట వాడును. తల్లిని గూర్చియు, దేవుని గూర్చియు చెప్పునప్పుడు 'అష్ మీల్యు' అనును. అష్ అనగా నేను. మన గోదావరి నీరు త్రాగనివాడు, మన వరిచేను చూడనివాడు, అయినను నచ్చినదానికి నాకు అనియు, ప్రేమించుటకు నేను అనియు మనవలెనే పలుకుచున్నాడు. ఇది మనుష్య హృదయములో ఉన్న భేదమే గనుక రెండు దూరదేశముల భాషలలో ఒక్క తీరుగా కనబడుచున్నది.

ఇష్టము ఒక్కటే నడిపినయెడల

ఇష్టము పాపము కాదు. అది దేవుడిచ్చిన తీపి. ప్రభువునకు బేతనియలో ప్రియమైన ఒక యిల్లు ఉండెను. దావీదు యోనాతానుల స్నేహమును వాక్యము మెచ్చుకొనుచున్నది. తన బిడ్డను ముద్దాడని తల్లిని ఎవరును భక్తురాలనరు. అయితే ఇష్టమును బండికి కట్టి, పగ్గములు దాని చేతికే ఇచ్చినయెడల బండి ఎక్కడికి పోవునో వాక్యమే చూపుచున్నది.

ఇస్సాకునకు వేటమాంసము ఇష్టము. ఆదికాండము 25:28 చదువుడి. ఏశావు తెచ్చిన మాంసము తినుచుండెను గనుక అతడు ఏశావును ప్రేమించెనని వ్రాయబడియున్నది. రిబ్కా యాకోబును ప్రేమించెను. ఒక్క కడుపున ఒకేసారి పుట్టిన ఇద్దరు బిడ్డలు. నాన్న బిడ్డ ఒకడు, అమ్మ బిడ్డ ఒకడు అయిరి. చివరకు ముసలి తండ్రి తనకు ఇష్టమైన రుచిగల భోజనము అడిగిన దినముననే మోసము జరిగెను. అన్న తమ్ముని చంపజూచెను. తమ్ముడు ఇల్లు విడిచి పారిపోయెను. ఆ యాకోబే తన ముసలితనమున యోసేపు ఒక్కనికి విచిత్రమైన నిలువుటంగీ కుట్టించి, తన తండ్రి యింటి గాయమును తన పిల్లలకు దించెను. ప్రియులారా, మన యిండ్లలో ఇద్దరు కొడుకులలో ఒకని కంచములో పెద్ద చేపముక్క పడి, మరియొకని కంచములో పులుసు మాత్రమే పడుచున్నదా? కొడుకును చదివించి కూతురిని మాన్పించితిమా? పిల్లలు లెక్క వ్రాయరు గాని మరచిపోరు.

అమ్నోను సంగతి ఇంకను భయంకరమైనది. 2 సమూయేలు 13వ అధ్యాయములో అతడు తామారును ప్రేమించెనని ఉన్నది. అతని కోరిక తీరిన గడియలోనే ఆ ప్రేమ ద్వేషమాయెను. ఆ ద్వేషము మునుపటి ప్రేమకంటె ఎక్కువాయెను. ఆ యింటిలో ఆమె కేక విని ఆదుకొన్నవాడు లేడు. ఇట్టిదానికి కూడ లోకము ప్రేమ అను పేరే పెట్టును. గనుక కన్నబిడ్డలారా, ఎవడైన నీతో ఆ మాట పలికినయెడల మాటను చూచి మురియవద్దు. అతడు నీ మేలు కోరుచున్నాడా, తన కోరిక తీర్చుకొనజూచుచున్నాడా అని చూడుము.

మన పెద్దలు కాకి పిల్ల కాకికి ముద్దు అనిరి. తనవారిమీద ఇష్టము కాకికి కూడ కలదు. తమ్మును ప్రేమించువారినే ప్రేమించుట సుంకరులును చేయుదురని ప్రభువు మత్తయి 5:46లో చెప్పినది ఇదియే. మరియు పొరుగింటి పుల్లకూర రుచి అనిరి. ఇష్టము నిలుకడలేనిది, ఇంటిలోనిది విడిచి పొరుగునకు పోవుట దాని స్వభావము. దానిమీద కాపురమును గాని సంఘమును గాని కట్టలేము.

ప్రేమకు చేతులు కలవు

నిర్గమకాండము 23:4-5లో రైతు ఎవడైనను గ్రహింపదగిన ఒక ఆజ్ఞ కలదు. నీ శత్రువుని యెద్దు గాని గాడిద గాని తప్పిపోయి తిరుగుట నీవు చూచినయెడల దానిని తోలుకొనివచ్చి అతనికి అప్పగింపవలెను. నిన్ను ద్వేషించువాని గాడిద బరువుక్రింద పడియున్నయెడల తప్పించుకొని పోక అతనితోకూడ దానిని లేపవలెను. గమనించితిరా? ముందు అతనిమీద నీకు ఇష్టము కలుగవలెను, తరువాత గాడిదను లేపవచ్చును అని చెప్పలేదు. గాడిద పడియున్నది, బరువు దానిమీద ఉన్నది, నీకు రెండు చేతులున్నవి. అంతే. గట్టు తగవులో మాటలు మానుకొన్న ఇద్దరు ఒక గాడిదకు రెండు వైపుల వంగి నిలిచినప్పుడు ఏమి జరుగునో దేవునికి తెలియును.

గాయపడినవానిని చూచిన సమరయుడు కనికరపడెను. తరువాత అతడు చేసిన పనులను లూకా వరుసగా చెప్పుచున్నాడు. దగ్గరకు పోయెను, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను, తన వాహనముమీద ఎక్కించెను, సత్రమునకు తీసికొనిపోయెను, రెండు దేనారములు ఇచ్చెను, మరల వచ్చెదనని మాట యిచ్చెను. పడియున్నవాడు అతనికి నచ్చినవాడా కాదా అని ఒక్క మాటయైనను లేదు.

ఇట్టి సంగతి మన గోపాలపట్నము వాకిటనే జరిగినది. 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున ప్రక్కనే యున్న వెంకటాపురములోని ఒక రసాయన కర్మాగారమునుండి స్టైరీను అను విషవాయువు వెలువడెను. నిద్రలోనున్న జనులు ఊపిరాడక బయటకు పరుగెత్తి వీధులలోను, కాలువగట్లమీదను పడిపోయిరి. పదిమందికి మించి ప్రాణములు విడిచిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కట్టుకొయ్యలయొద్ద పశువులు కూలినవి. అవి కరోనా దినములు. మనిషిని మనిషి ముట్టుటకు భయపడి అందరును తలుపులు మూసికొన్న కాలము. అయినను ఆ ఉదయమున పోలీసులు, అంబులెన్సువారు, ఊరి యువకులు ముఖపరిచయము లేనివారిని కూడ భుజములమీద మోసి బండ్లలో ఎక్కించిరి. మోయబడుచున్నవాడు ఏ కులమువాడో, ఏ మతమువాడో, నిన్నటిదినమున కుళాయియొద్ద తగవులాడినవాడో అడుగుటకు వ్యవధి లేదు. ఇష్టము అను ప్రశ్నయే లేవలేదు. చేతులు ముందుకు చాచబడినవి. తెల్లవారిన తరువాత మరల మనము మనుష్యులను ఏర్పరచుకొనుట మొదలుపెట్టుదుము. ఆ గడియలో కనబడినది మన మామూలు దినములలో ఎందుకు కనబడకూడదు?

దేవుడు మనలను ప్రేమించినది ఈ రీతిగానే. మనము ఆయనకు నచ్చునంత మంచివారమైన తరువాత కాదు. మనమింక పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెనని రోమా 5:8 చెప్పుచున్నది. ఆయన సూర్యుడు మంచివాని చేనుమీదను చెడ్డవాని చేనుమీదను ఉదయించుచున్నాడు.

గలిలయ ఒడ్డున అడిగిన ప్రశ్న

యోహాను 21వ అధ్యాయమునకు వత్తము. గ్రీకు మూలమునందు ఇచ్చట రెండు క్రియలు కలవు, అగపావో ఒకటి, ఫిలేయో ఒకటి. యేసు మొదట రెండుమారులు మొదటి మాటతో అడిగెను. పేతురు రెండవ మాటతో ఉత్తరమిచ్చెను. మూడవమారు ప్రభువు పేతురు పలికిన మాటతోనే అడిగెను. మన తెలుగునందు అన్నిచోట్లను ప్రేమించుట అనియే ఉన్నది. మొదటిది దైవప్రేమ, రెండవది వట్టి స్నేహము అని కొందరు బోధించుదురు. అట్లు గోడ కట్టుట తగదు. ఏలయనగా తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని చెప్పునప్పుడు యోహాను 3:35లో ఒక మాటను, 5:20లో రెండవ మాటను వాడెను. దేమా ఇహలోకమును స్నేహించి పౌలును విడిచిపోయిన సంగతికి 2 తిమోతి 4:10లో ఆ మొదటి మాటనే వాడిరి. పాత నిబంధన గ్రీకు ప్రతిలో అమ్నోను దుర్మార్గమునకు సహా ఆ మాటయే ఉన్నది. మాట తనంతట పరిశుద్ధమైనది కాదు. అది పాత్రవంటిది, దానిలో ఏమి పోసితిమో అదియే దాని విలువ.

అయితే పాత్రలో ఏమున్నదో ప్రభువు ఏలాగు చూచెను? పేతురు అవును ప్రభువా అనిన ప్రతిమారును ఆయన అతనికి ఒక పని చూపెను. గొఱ్ఱెపిల్లలను మేపవలెను, గొఱ్ఱెలను కాయవలెను. నీ మనస్సు ఎట్లున్నది, కన్నీరు వచ్చుచున్నదా అని అడుగలేదు. మందను చూపెను. ఆ మందలో ప్రతి గొఱ్ఱెయు పేతురునకు నచ్చినది కాదు. చెప్పినమాట వినక ముళ్లకంపలో దూరునది ఉండును. కొమ్ములతో పొడుచునది ఉండును. మేత మాత్రము అన్నిటికిని కావలెను.

మరియొకటి చూడుడి. ఆ ప్రశ్న అడుగుటకు ముందే ప్రభువు ఏమి చేసెను? రాత్రియంతయు వలలు వేసి ఒక్క చేపయు దొరకక వచ్చుచున్న మనుష్యులను చూచి, తినుటకు మీయొద్ద ఏమైన కలదా అని ఒడ్డునుండి అడిగెను. వారు దిగి చూచునప్పటికి నిప్పులమీద చేపలు, రొట్టె సిద్ధముగా ఉన్నవి. రండి, తినుడని పిలిచి తానే వడ్డించెను. తన్ను ఎరుగనని మూడుమారులు బొంకినవానికి ముందు కడుపు నింపి, తరువాత ప్రేమను గూర్చి అడిగెను.

తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన తండ్రులు మనతో, బాబూ, నిన్ను ప్రేమించుచున్నాను అని ఎన్నడును అనలేదు. ఆ మాట వారి నోట వచ్చినయెడల మనకే వింతగా నుండును. వారు అడిగినది, అన్నం తిన్నావా అని. పట్నమున పనిచేయు కొడుకు ఫోను చేసినప్పుడు తల్లి మొదట అడుగునది అదియే. బస్సు దిగిన అల్లునికి కాళ్లకు నీళ్లిచ్చి అడుగునది అదియే. మన ప్రేమ నోటితో వ్రాసిన చీటి కాదు. కంచములో పడిన అన్నము. అంతమాత్రమున నోరు కట్టుకొనుమని కాదు. పిల్లలు కొన్నిమారులు ఒక మంచి మాట కొరకు అలమటించుదురు. అదియు వారికి పెట్టవలసిన అన్నమే. మాటయు చేతియు రెండును తోడుగా పోనిండు.

మన సంఘమునకు

ఒకడు లేచి ఇట్లడుగవచ్చును: అయ్యగారూ, నా తమ్ముడు నాకు చేసిన అన్యాయము మీకు తెలియును. వాని ముఖము చూచిన నాకు కడుపు మండును. మనస్సులో లేనిది పైకి చూపుట వేషధారణ కాదా? సహోదరుడా, నీకు లేని ఇష్టమును ఉన్నట్లు నటించినయెడల అది వేషమే. నీవు నటింపనక్కరలేదు. నీ తమ్ముడు నీకు నచ్చలేదని దేవునితో ఉన్నదున్నట్లు చెప్పుము. అయినను అతని బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి నీ బండి తీయుము. అది వేషము కాదు, విధేయత.

ఒక సహోదరి ఇట్లడుగవచ్చును: అయ్యగారూ, త్రాగి వచ్చి కొట్టు భర్తను ప్రేమించి ఊరకుండవలెనా? లేదు తల్లీ. లేవీయకాండము 19వ అధ్యాయమున పొరుగువానిని ప్రేమింపుమను 18వ వచనమునకు ముందే 17వ వచనమున తప్పుచేయువానిని గద్దింపవలెననియున్నది. చెడుగును కప్పిపుచ్చుట ప్రేమ కాదు. పెద్దలకు చెప్పుట, కావలసినయెడల ఠాణాకు పోవుట, నిన్నును నీ బిడ్డలను కాపాడుకొనుట ప్రేమకు విరోధము కాదు. అతని దెబ్బలను అడ్డగించుట అతని ఆత్మకు కూడ మేలే. అట్టి సహోదరికి సంఘము తలుపు తీయవలెను గాని, ఓర్చుకొనుమని తలుపు వేయరాదు.

ఇంకొక మాట మనమందరము వినవలసినది. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టె విరుచుచున్నాము. ఆరాధన ముగిసిన తరువాత ఎవరి యింటి గడప ఎవరు ఎక్కుచున్నారు? మా పేట, మీ పేట అను గీత గుడిలో చెరిగి వీధిలో మరల లేచుచున్నదా? వారంటే మాకు ఇష్టము లేదు అను సాకు ఇచ్చట చెల్లదు. ప్రభువు మన ఇష్టమును అడుగలేదు. వారి యింటి పెండ్లికి కూర్చుండి భోజనము చేయుమనెను. వారి శవమును మోయుమనెను. వారి బిడ్డను మన బిడ్డతో ఒకే చాపమీద కూర్చుండబెట్టుమనెను.

ఇట్లు చేసినయెడల ఇష్టము కూడ వచ్చునా? తరచుగా వచ్చును. నారు పీకి మడిలో నాటినప్పుడు అది నాలుగు దినములు వాడి పసుపెక్కును. చూచువాడు ఇది బ్రదుకదనుకొనును. రైతు పీకివేయడు, నీరు కట్టుచు కనిపెట్టును. వేరు పట్టిన తరువాత పచ్చబడును. ప్రేమించు పని మొదలుపెట్టిన దినములలో మన హృదయము అట్లే వాడియుండును. నీరు కట్టుట మన వంతు, పచ్చదనము దేవుని వంతు. ఒకవేళ ఈ లోకమున ఆ మనుష్యుడు మనకు ఎన్నటికిని నచ్చకపోయినను, మనము పెట్టిన అన్నము వ్యర్థము కాదు.

గనుక ఈ మాసములో ప్రతివారును ఒక్క మనుష్యుని పేరు ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి. మీకు నచ్చినవారి పేరు వద్దు, వారికి మీరు ఎట్లును చేయుదురు. నచ్చనివారి పేరు ఒకటి. అతనికొరకు చేయగల ఒక చిన్న పనిని ప్రభువు నడుగుడి. దొరికిన దినముననే చేయుడి. చేసి, ఎవరికిని చెప్పకుడి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మేము నీకు నచ్చువారము కాని దినముననే మమ్మును ప్రేమించి, నీ కుమారుని అనుగ్రహించితివి. మా యిష్టములను శుద్ధిచేయుము. మా చేతులకు పని చూపుము. మా యిండ్లలోను, మా సంఘములోను, మా వీధులలోను ఎవరును ఆకలితో నిలువకుండునట్లు మమ్మును నడిపింపుము. మాకు నచ్చనివారియొద్దకు వెళ్లుటకు ధైర్యమిమ్ము. మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.